ధాన్యపు బూజుపై వెలుగు: ఉద్దానం తీరంలో కాంతి చికిత్సల సమీక్ష

బూజు సిద్ధబీజాలు గింజతోపాటే గాదెకు చేరతాయి. చేలో వీచే గాలిలో, కళ్లంలోని దుమ్ములో, పాత గోనె సంచుల్లో, మిల్లు ఎలివేటర్లలో అవి ఎప్పుడూ ఉంటాయి. గింజలో తేమ 14 శాతం లోపు ఉన్నంతకాలం అవి మొలవవు. ఆ గీత దాటితే మొలుస్తాయి. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో ఆ గీత దాటడానికి ఎంతో వాన అక్కర్లేదు, సముద్రపు గాలే చాలు. కాంతితో బూజును అణచే పద్ధతులు గత కొన్ని దశాబ్దాల్లో చాలా వచ్చాయి. వాటిలో ఏది ఏ పని చేయగలదో, ఈ తీరంలో దేనికి చోటుందో తేల్చుకోవాలంటే ముందు తేమ సంగతి చూడాలి.

తేమ గీత

గింజ మీది బూజులు రెండు తరగతులు. ఫ్యుజేరియం, కర్వులేరియా, ఆల్టర్నేరియా వంటివి చేలోనే పడతాయి. వెన్ను తీసే వేళ ముసురు పడితే కనిపించే గింజమచ్చ ఇలాంటి బూజుల పనే. వీటికి తడి బాగా ఉండాలి, ధాన్యం ఆరితే పెరగడం ఆగిపోతుంది. ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం జాతులు రెండో తరగతి. ఇవి తక్కువ తడితోనే బతికి నిలవలో పెరుగుతాయి. వీటిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 25 నుంచి 35 డిగ్రీల వేడి దానికి అనుకూలం. శ్రీకాకుళం కోస్తాలో ఏడాది పొడుగునా పగటి వేడి ఇంచుమించు ఆ మేరలోనే ఉంటుంది.

ఇక్కడి ఖరీఫ్ వరి నవంబరు, డిసెంబరుల్లో కోతకు వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే కాలమూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాలపురం వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అప్పటికి చేలు పొట్ట, వెన్ను దశల్లో ఉన్నాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచౌంగ్ వంటిదైతే కోసిన పనల మీదికి, కళ్లంలోని రాశుల మీదికి వస్తుంది. వెన్ను దశలో తడిస్తే మొదటి తరగతి బూజులు, రాశి తడిస్తే రెండో తరగతి బూజులు బలపడతాయి.

నూర్పు తీరు మారడం కూడా తేమను పెంచింది. పూర్వం పనలను కుప్ప వేసి, నెమ్మదిగా ఆరనిచ్చి, తీరికగా నూర్చేవారు. తడి పనలతో వేసిన కుప్ప లోపల కాగిపోయే ప్రమాదం అందులో ఉండేది. ఇప్పుడు కోత యంత్రం నుంచి ధాన్యం తరచు 20 శాతం పైబడిన తేమతో నేరుగా ట్రాక్టరులో పడుతోంది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రం 17 శాతం దాకా తేమను, రంగు మారినవి, మొలకెత్తినవి, పుచ్చినవి అన్నీ కలిపి 5 శాతం దాకా గింజలను ఒప్పుకుంటుంది. ఆ 17 శాతం అమ్మకానికి పెట్టిన హద్దు. నిలవకు 14 దాటకూడదు. ఈ రెండు అంకెల మధ్యనున్న ధాన్యం మిల్లు ఆవరణలో వారాలపాటు బస్తాల్లో ఉండిపోతే ముక్కిపోతుంది.

ఆరిన ధాన్యం మళ్లీ తేమ పీల్చడాన్ని టెక్కలి పక్కనున్న నౌపడ ఉప్పుతోనే చూడవచ్చు. గాలిలో తేమ 75 శాతం దాటగానే ఉప్పు చెమ్మగిల్లుతుంది. 25, 30 డిగ్రీల వేడిలో అదే 75 శాతం గాలిలో చాలాకాలం ఉంచిన ధాన్యం 14 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. వంటింట్లో ఉప్పు నీరు కారుతున్న రోజుల్లో గాలి తగిలే గాదెలో ధాన్యమూ గీత దాటుతోందన్నమాట. పొడి గాజు సీసాలో కొంత ధాన్యం, గుప్పెడు పొడి ఉప్పు వేసి కాసేపు కదిపి, ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం మించిందని లెక్కగట్టే ఇంటి పరీక్షకు ఆధారం ఇదే.

ఎండ

ధాన్యానికి వాడే కాంతి చికిత్సల్లో అతి పాతది, నేటికీ అందరూ వాడేది ఎండ. ఎండలో మూడు భాగాలున్నాయి: కంటికి కనిపించే వెలుగు, వేడి పుట్టించే పరారుణం, కొద్దిపాటి అతినీలలోహితం. ఎండ సూక్ష్మజీవులను చంపుతుందని 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నిరూపించారు. అయితే సూక్ష్మజీవులను గట్టిగా చంపే పొట్టి తరంగాల అతినీలలోహితాన్ని ఆకాశంలోని ఓజోన్ పొర పూర్తిగా ఆపేస్తుంది. నేలకు చేరేది పొడుగు తరంగాల భాగమే. రంగున్న బూజు బీజాలు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. కాబట్టి కళ్లంలో ఎండ చేసే అసలు పని ఆరబెట్టడం.

ఆ పని చిన్నది కాదు. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యాన్ని 14 శాతానికి దించాలంటే దాదాపు 7 కిలోల నీరు ఆవిరి కావాలి, అంటే ధాన్యం 93 కిలోలవుతుంది. పరచిన మందం 2 నుంచి 4 సెంటీమీటర్లు ఉండి, అరగంటకొకసారి కాలితోనో పలకతోనో తిరగేస్తూ ఉంటే ఆరుదల సమంగా జరుగుతుంది. మందంగా పోస్తే పైన కాగి అడుగున చెమ్మ మిగులుతుంది. పలుచగా పోసి నడి ఎండలో వదిలేస్తే గింజ లోపల పగుళ్లు పడి మరలో నూక పెరుగుతుంది. సాయంత్రం పోగుచేసి బరకాలు కప్పకపోతే రాత్రి మంచుకు పగలు ఆరిన తేమ తిరిగి వస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఎండే ఉండదు. తీరప్రాంతంలో ఎండకు బదులు మరో వెలుగు కావాలన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

పొట్టి తరంగాల అతినీలలోహితం

తక్కువ పీడనపు పాదరస దీపం 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో వెలుగునిస్తుంది. ఆసుపత్రి గదుల్లో, నీటి శుద్ధి యంత్రాల్లో కనిపించే దీపం ఇదే. కణాల్లోని డీఎన్‌ఏ 260 నానోమీటర్ల ప్రాంతంలో వెలుగును బాగా గ్రహిస్తుంది. ఆ దెబ్బకు పక్కపక్కనున్న థైమీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కణం తన నకలు తీసుకోలేక చనిపోతుంది. మందు అవశేషం మిగలదు, ధాన్యం తడవదు, వేడెక్కదు. ధాన్యం విషయంలో ఈ పద్ధతికున్న ఆకర్షణ అదే.

మోతాదును చదరపు సెంటీమీటరుకు మిల్లీజౌళ్లలో కొలుస్తారు. ఈ.కోలై బ్యాక్టీరియాలో పదింట తొమ్మిది వంతులు కొద్ది మిల్లీజౌళ్లకే చస్తాయి. ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్ల బూజు బీజాల్లో అంతే వంతు చావడానికి వంద మిల్లీజౌళ్లు దాటాలి. బీజం గోడలోని నల్ల రంగు గొడుగులా వెలుగును ఆపడం ఇందుకు కారణం. బ్యాక్టీరియా కోసం తయారైన దీపాన్ని ధాన్యానికి తగిలిస్తే ఫలితం రాకపోవడంలో వింత లేదు.

రెండో ఇబ్బంది నీడ. ఈ వెలుగు గింజలోకి చొచ్చుకుపోదు, పై పొర దగ్గరే ఆగుతుంది. వడ్లపొట్టు మీది గరుకు, నూగు, రెండు పొట్టు రేకులు కలిసే అంచు, ఇవన్నీ బీజాలు దాగే చోట్లే. పొట్టు కింద పెరిగిన బూజును అది తాకనే తాకదు. రాశి పోసిన ధాన్యం మీద దీపం పెడితే పై వరుస గింజల పై ముఖానికే పని జరుగుతుంది. అందుకే ప్రయోగశాలల్లో గింజలను కంపించే పళ్లెం మీదనో, తిరిగే పీపాలోనో, గాలి ఊదే గొట్టంలోనో దొర్లిస్తూ వెలుగు చూపిస్తారు.

మూడోది, దెబ్బతిన్న బీజం కోలుకోవడం. చాలా బూజుల్లో ఫోటోలయేజ్ అనే ఎంజైము ఉంటుంది. మామూలు వెలుగు తగిలినప్పుడు అది అతుక్కున్న థైమీన్లను విడదీస్తుంది. చికిత్స తర్వాత ధాన్యాన్ని వెంటనే సంచుల్లోకి, చీకటి గోదాములోకి పంపితే ఆ అవకాశం తగ్గుతుంది. ఈ ఒక్క విషయంలో ధాన్యం నిలవ పద్ధతి చికిత్సకు అనుకూలంగానే ఉంది.

మెరుపు కాంతి

జినాన్ వాయువు నింపిన గొట్టంలో విద్యుత్తును ఒక్కసారిగా వదిలితే మిల్లీసెకనులోపు తీవ్రమైన మెరుపు వస్తుంది. అందులో 200 నుంచి 1100 నానోమీటర్ల వరకు, అంటే అతినీలలోహితం, కంటి వెలుగు, పరారుణం మూడూ కలిసే ఉంటాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1996లో దీన్ని ఆహారానికి అనుమతించింది. మొత్తం మోతాదు చదరపు సెంటీమీటరుకు 12 జౌళ్లు మించకూడదని షరతు పెట్టింది.

డీఎన్‌ఏ దెబ్బతినడంతోపాటు బీజం పైపొర క్షణకాలం విపరీతంగా వేడెక్కి చిట్లడం ఈ పద్ధతి ప్రత్యేకత. రంగున్న బీజాలు వెలుగును ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి, పాదరస దీపం ముందు వాటిని కాపాడిన రంగు ఇక్కడ కొంతవరకు వాటికే ఎదురు తిరుగుతుంది. నీడ సమస్య మాత్రం పోదు. మెరుపులు పెరిగేకొద్దీ గింజ కూడా వేడెక్కుతుంది. తవుడులోని నూనె చెడి వాసన రావచ్చు, విత్తనమైతే మొలక తగ్గవచ్చు. యంత్రం ధర, దీపం మార్పిడి ఖర్చు పాదరస దీపం కంటే చాలా ఎక్కువ.

నీలి వెలుగు, పసుపు

405 నుంచి 470 నానోమీటర్ల నీలి వెలుగు డీఎన్‌ఏను నేరుగా తాకదు. కణంలో సహజంగా ఉండే పోర్ఫిరిన్లు, ఫ్లేవిన్లు ఆ వెలుగును పీల్చి, పక్కనున్న ప్రాణవాయువును చురుకైన రూపాల్లోకి మారుస్తాయి. ఆ రూపాలు కణపు పొరను కాల్చేస్తాయి. నీలి వెలుగునిచ్చే ఎల్‌ఈడీలను సాధ్యం చేసినందుకు ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014 భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ తర్వాత ఇవి చవకయ్యాయి. పాదరసం ఉండదు, పనివారికి ప్రమాదం తక్కువ. కానీ పని చాలా నెమ్మది. సెకన్లలో అయ్యేది గంటలు పడుతుంది.

బూజులో ఉన్న రంగుపదార్థం చాలకపోతే బయటి నుంచి ఇవ్వడం మరో మార్గం. ఆ పాత్రకు పనికొచ్చే వాటిలో పసుపులోని కుర్కుమిన్ ఒకటి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుర్కుమిన్‌ను 420 నానోమీటర్ల వెలుగుతో కలిపి ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ బీజాలను నిర్జీవం చేసిన ఫలితాలను 2016లో ప్రకటించారు. మొక్కజొన్న మీద కూడా ఈ పద్ధతిని పరీక్షించారు. పసుపు మన వంటింటిదే కాబట్టి ఇది ఆకట్టుకుంటుంది. అయితే కుర్కుమిన్ నీటిలో సరిగా కరగదు, వెలుగుకు తానే విరిగిపోతుంది. గింజకు పట్టించాలంటే ద్రావణంలో తడపాలి. తేమ తీయడానికి పాటుపడే చోట మళ్లీ తడపడం, తిరిగి ఆరబెట్టడం భారమే. పసుపు కొమ్ము పొడిని బస్తాలో చల్లడం ఈ చికిత్స కిందికి రాదు. వెలుగు లేనిదే కుర్కుమిన్ ఈ పని చేయదు.

చాలని మోతాదు వెలుగుతో ఇంకో చిక్కు ఉంది. ఆస్పర్‌జిల్లస్ జాతులకు వెలుగును గుర్తించే ఏర్పాటు ఉంది. ఎప్పుడు బీజాలు వేయాలో, ఎప్పుడు విషం తయారుచేయాలో నడిపించే ప్రోటీన్ల గుంపు దానితో ముడిపడి ఉంది. చంపలేనంత కొద్దిపాటి వెలుగు తగిలితే కొన్ని జాతులు మరిన్ని బీజాలు వేస్తాయి. గోదాములో ఒక నీలి బల్బు తగిలించి ఊరుకోవడం ఏమీ చేయకపోవడం కంటే మేలు అనుకోవడానికి లేదు.

పరారుణం

పరారుణ కిరణాలు బూజును వేడితో చంపుతాయి. ఇవి గాలిని వేడిచేయకుండా నేరుగా గింజను వేడిచేస్తాయి. కాలిఫోర్నియాలో వరి మీద జరిగిన పరిశోధనల్లో పలుచటి వరుసగా పరచిన ధాన్యాన్ని ఒక నిమిషంలోనే 60 డిగ్రీలకు వేడెక్కించి, తర్వాత కొన్ని గంటలు అదే వేడిలో కప్పి ఉంచి, నెమ్మదిగా చల్లార్చారు. కప్పి ఉంచిన వ్యవధిలో గింజ లోపలి తేమ సమంగా సర్దుకుంటుంది, అందువల్ల పగుళ్లు రావు. ఒకే పనితో తేమ తగ్గడం, పురుగు చావడం, బూజు తగ్గడం మూడూ జరిగాయి.

కాంతి చికిత్సల్లో నీటిని కూడా తీసేసేది ఎండను మినహాయిస్తే ఇదొక్కటే. తీరప్రాంతపు మిల్లుకు సూత్రరీత్యా దగ్గరైనదీ ఇదే. ఇంధనం ఖర్చు, వరుస పలుచగా ఉండాలన్న నియమం దీని హద్దులు. విత్తన ధాన్యానికి మాత్రం 60 డిగ్రీల వేడి మొలకను దెబ్బతీసే ప్రమాదం ఉంది.

బూజు చచ్చినా మిగిలే విషం

బీజాన్ని చంపడం ఒక పని, అది అప్పటికే వదిలిన విషాన్ని తీసేయడం వేరే పని. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు చనిపోయాయి. దాణాలో కలిపిన వేరుశనగ పిండిలో బూజు పెట్టిన విషం దొరికింది, దానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అతినీలలోహిత వెలుగులో నీలంగా మెరిసేవి బి రకం, ఆకుపచ్చగా మెరిసేవి జి రకం అని విభజించారు. ఆ విషాలకు పేర్లు పెట్టింది కూడా వెలుగే. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది మరణించిన ఘటనను అఫ్లటాక్సిన్ విషప్రభావంగా గుర్తించింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1995లో దక్కన్ పీఠభూమి గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసిన జొన్న, మొక్కజొన్నలతో వచ్చిన కడుపునొప్పి, విరేచనాల వెనుక ఫ్యుమోనిసిన్ ఉందని తేల్చిందీ అదే సంస్థ.

అఫ్లటాక్సిన్ వండినా పోదు, కానీ 360 నానోమీటర్ల ప్రాంతంలో వెలుగును బాగా పీల్చుకుని విరిగిపోతుంది. పలుచటి వేరుశనగ నూనెను ఎండలో పెడితే అందులోని అఫ్లటాక్సిన్ త్వరగా నశిస్తుందని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 1970లలోనే చూపింది. పిండి, చెక్క వంటి వాటిలో మాత్రం తగ్గుదల పాక్షికమే, ఎందుకంటే వెలుగు లోపలికి పోదు. 2016లో వెలువడిన కాలిఫోర్నియా ఫలితాలూ ఆ తేడానే చూపాయి. మెరుపు కాంతిని 80 సెకన్లు చూపితే వడ్లలో అఫ్లటాక్సిన్ బి1 75 శాతం, బి2 39 శాతం తగ్గాయి. పొట్టు అడ్డులేని తవుడులో 15 సెకన్లకే రెండూ 85 శాతానికి పైగా తగ్గాయి.

తవుడు సంగతి ఈ ప్రాంతానికి ముఖ్యం. ధాన్యం మర ఆడించినప్పుడు విషంలో పెద్ద వాటా తవుడులోకి పోతుంది, తెల్ల బియ్యంలో తక్కువ మిగులుతుంది. తవుడు పశువులకు వెళితే పాలలో ఎం1 రూపంలో తేలుతుంది. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ తృణధాన్యాల్లో మొత్తం అఫ్లటాక్సిన్‌ను కిలోకు 15 మైక్రోగ్రాములకు, పాలలో ఎం1ను 0.5 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. రంగు మారిన ధాన్యాన్ని మనుషులకు పనికిరాదని దాణాకు మళ్లించినంత మాత్రాన విషం దారి మూసుకుపోదు.

ఉద్దానం పేరు చెప్పగానే మూత్రపిండాల వ్యాధి గుర్తుకొస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా దానికోసమే. ఆ వ్యాధికి మూలకారణం ఇంతవరకు తేలలేదు, దాన్ని ధాన్యపు బూజుకు అంటగట్టడానికి ఆధారం లేదు. బాల్కన్ దేశాల అనుభవం ఈ విషయంలో హెచ్చరిక లాంటిది. అక్కడి పల్లెల్లోని మూత్రపిండ వ్యాధికి మొదట ఆక్రటాక్సిన్ అనే బూజు విషాన్ని అనుమానించారు. చివరకు గోధుమ చేలలో పెరిగి గింజల్లో కలిసిన, ఈశ్వరి జాతికి చెందిన కలుపు మొక్కలోని ఆమ్లం మీదికి ఆధారాలు మళ్లాయి. మూత్రపిండాలకు ఆక్రటాక్సిన్ హాని చేసేదే కాబట్టి నిలవ ధాన్యంలో దాన్ని తగ్గించడం మంచిదే. వ్యాధికి కారణం దొరికిందని చెప్పడం మాత్రం వేరు.

వెలుగుతో ఏరివేత

బూజును చంపకుండా, బూజు పట్టిన గింజను వెలుగుతో గుర్తించి తీసేయడం మరో దారి. ధాన్యపు మిల్లుల్లో ఇప్పటికే స్థిరపడిన కాంతి పద్ధతి ఇదొక్కటే. బజారులో సార్టెక్స్ బియ్యం అనే మాట ఈ యంత్రం నుంచే పుట్టింది. జారుడు పలకల మీదుగా ధారగా పడే బియ్యంపై దీపాల వెలుగు పడుతుంది. కెమెరా రంగు తేడాను పట్టుకోగానే సన్నని గాలి ఊపు ఆ ఒక్క గింజను పక్కకు తోసేస్తుంది. జీడిపప్పు వర్గీకరణకు కూడా ఇలాంటి యంత్రాలే ఉన్నాయి.

బూజు విషం రాశి అంతటా సమంగా ఉండదు. కొద్ది గింజల్లోనే విపరీతంగా ఉంటుంది. అందువల్ల వందలో రెండు మూడు చెడు గింజలు తీసేసినా మొత్తం విషం బాగా తగ్గుతుంది. మొక్కజొన్నలో ఇంకో ముందడుగు పడింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ పట్టిన గింజలు 365 నానోమీటర్ల వెలుగులో ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తాయి. ఈ గుణం మీద పనిచేసే ఏరివేత యంత్రాన్ని స్విట్జర్లాండుకు చెందిన బ్యూలర్ సంస్థ 2018లో విడుదల చేసింది. పైకి రంగు మారకుండా లోపల చెడిన గింజను పట్టుకోలేకపోవడం, ఏరివేసిన గింజలు తిరిగి దాణా బజారుకు చేరడం ఈ పద్ధతిలోని లోపాలు.

ఒక క్వింటాలు లెక్క

వెయ్యి వడ్ల గింజలు సుమారు 22 గ్రాములు తూగితే, కిలోలో 45 వేల గింజలుంటాయి. ఒక్కో గింజ పైభాగం అర చదరపు సెంటీమీటరు అనుకుంటే, కిలో ధాన్యపు ఉపరితలం రెండు చదరపు మీటర్లు దాటుతుంది. క్వింటాలుకు 225 చదరపు మీటర్లు. ప్రతి చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజౌళ్ల పొట్టి తరంగాల వెలుగు ఇవ్వాలంటే క్వింటాలుకు 450 కిలోజౌళ్లు చాలు. దీపం తీసుకునే విద్యుత్తులో మూడో వంతే వెలుగుగా మారుతుందని, అందులోనూ సగం గింజకు తగలదని లెక్కవేసినా ఒక యూనిట్ లోపే.

అదే క్వింటాలును 20 శాతం నుంచి 14 శాతానికి ఆరబెట్టడానికి 7 కిలోల నీటిని ఆవిరి చేయాలి. రవ్వంత వేడి కూడా వృథా కాకపోయినా అందుకు దాదాపు నాలుగున్నర యూనిట్లకు సమానమైన శక్తి కావాలి. కరెంటు బిల్లు ప్రకారం అతినీలలోహితం చవకే, ఆరబెట్టడమే ఖరీదు. చవకైన పద్ధతి ఖరీదైన దానికి బదులు కాలేకపోవడానికి కారణం, అది తేమను ముట్టుకోకపోవడం. ఉపరితలంపై పదింట తొమ్మిది బీజాలు చచ్చినా, 17 శాతం తేమలో మిగిలిన పదో వంతు కొద్ది రోజుల్లోనే తిరిగి పెరుగుతుంది. వెలుగు తన వెనక ఏ రక్షణా మిగల్చదు కాబట్టి పాత సంచిలోని బీజాలు కొత్తగా చేరితే వాటికీ అడ్డు ఉండదు. పైగా 225 చదరపు మీటర్ల ఉపరితలాన్ని నీడ లేకుండా వెలుగు ముందు తిప్పగల యంత్రమే ఇందులో అసలు ఖర్చు.

ఈ తీరంలో ఎక్కడ, ఏది

ఇంటి నిలవలో, పురిలోనైనా గాదెలోనైనా డ్రమ్ములోనైనా, దీపాలకు చోటు లేదు. వరికి 14, చోళ్లకు 12 శాతం తేమ వరకు ఎండబెట్టడం, చల్లారాక గాలి చొరని సంచుల్లో కట్టడం, సంచిని నేల మీద కాకుండా చెక్కల మీద ఉంచడం చాలు. వంశధార ఎడమ కాలువ శివారు భూముల్లో వరి కోతలు ఆలస్యమైతే చలి మంచు రోజులకు తగులుతాయి. అక్కడ ఎండకు తోడుగా వేడిగాలి డ్రయ్యరు అవసరం ముందొస్తుంది. నిలవ పురుగుకు వాడే ఫాస్ఫీన్ బిళ్లలు బూజును తీసేయవన్న సంగతి కూడా తెలిసి ఉండాలి.

మిల్లులో చోటు రెండు దశల్లో ఉంది. తడి ధాన్యం దించిన వెంటనే, వరుస పలుచగా నడిచే చోట పరారుణం ఆరుదలకు సాయపడగలదు. ఆరిన తర్వాత గోదాముకు వెళ్లే కన్వేయరుపై, గింజలు కంపిస్తూ దొర్లే చోట, అతినీలలోహిత దీపాలు ఉపరితలపు బీజాలను తగ్గించగలవు. దుమ్ము పేరుకున్న దీపం వెలుగునివ్వదు. ఊక దుమ్ము నిండిన మిల్లులో రోజూ తుడిచే ఏర్పాటు లేకుండా దీపాలు పెట్టడం దండగ. బియ్యం దశలో రంగు ఏరివేత యంత్రం ఎలాగూ ఉంటుంది.

విత్తన ధాన్యానికి లెక్క వేరు. అక్కడ పరిమాణం తక్కువ, విలువ ఎక్కువ. పలుచగా పరచి రెండు వైపులా తిప్పే వీలుంది. కార్బెండజిమ్ వంటి మందుతో చేసే విత్తనశుద్ధికి తోడుగా తక్కువ మోతాదు అతినీలలోహితం పనికొచ్చే అవకాశం ఉంది. మోతాదు మించితే మొలక శాతం పడిపోతుంది కాబట్టి రకం వారీగా పరీక్షించి తీరాలి. శ్రీకాకుళం సన్నాలు వంటి రకాలను రూపొందించిన రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం, నైరా వ్యవసాయ కళాశాల వంటి సంస్థల స్థాయిలో జరగదగిన పరీక్ష అది. పలాస, కాశీబుగ్గ జీడిపప్పుకు నునుపైన ఉపరితలం అనుకూలమే. అయినా పప్పులోని నూనె వెలుగుకు చెడి రుచి మారుతుంది. అందువల్ల అక్కడ మెరుపు కాంతిని సెకన్లకు మించి వాడటం కష్టం.

పనివారి భద్రత ఏ దశలోనైనా షరతే. 254 నానోమీటర్ల వెలుగుకు కన్ను ఎనిమిది గంటల పనిలో తట్టుకోదగిన హద్దు చదరపు సెంటీమీటరుకు 6 మిల్లీజౌళ్లు. ధాన్యానికి కావలసిన మోతాదు దానికి ముప్పై రెట్లు మించి ఉంటుంది. దీపాలు మూసిన పెట్టెలో ఉండాలి, మూత తీయగానే ఆరిపోవాలి. పగిలిన దీపం నుంచి పాదరసం, గాజు ధాన్యంలో కలవకుండా తొడుగు ఉండాలి. 265 నుంచి 280 నానోమీటర్ల ఎల్‌ఈడీలతో పాదరసం బెడద లేదు, కానీ వెలుగు దిగుబడి పాదరస దీపం కంటే తక్కువ. ఏ దీపాన్నైనా కొనే ముందు మిల్లు చేతిలో ఉండవలసిన పరికరం తేమ కొలిచే మీటరు. అది 14 లోపు చూపిన ధాన్యానికే ఉపరితలపు కాంతి చికిత్స చేయాలి. అంతకు పైన చూపితే ముందు ఆరబెట్టాలి.